లాభంలో వాటా ఎవరికి, టెయిల్‌పాండ్ ఎవరికి?

(ప్రొద్దుటూరులో దళిత ఉద్యోగులు, యువకులు కూచున్న సభలో చేసిన ప్రసంగం. జమ్మలమడుగు, పులివెందుల వైపు నుంచి వచ్చిన మిత్రులు అడిగినందువల్ల రాతలో పెట్టి ఇస్తున్నాం.)

 

ప్రొద్దుటూరును రెండో బొంబాయి అంటారు. బంగారం అంగళ్లు, పత్తి వ్యాపారం, వడ్డీ లెక్కలు ఈ ఊరికి పుట్టుకతో వచ్చిన విద్యలు. ఇక్కడ సావుకారి కొడుకు నిద్ర లేచి మొగం కడుక్కోకముందే షేర్ల ధరలు చూస్తాడు. మన వాడలో షేరంటే ఎర్రగుంట్లకు పోయే షేర్ ఆటో. నవ్వొచ్చే మాటే గానీ, ఈ తేడా ఊరికే రాలేదు. మనం ఆస్తి కూడబెట్టకూడదని మనుధర్మం రాసిపెట్టింది. భూమి ఇయ్యలేదు, అంగడి పెట్టనీయలేదు. ఇక కంపెనీలో భాగం యాడనుంచి వస్తుంది?

అయినా ఈ పొద్దు నేను మాట్లాడబోయేది షేర్ల గురించే. కొనుక్కుని బాగుపడండని చెప్పడానికి రాలేదు. ఆ మాట చెప్పడానికి టీవీల్లో శానా మంది ఉన్నారు. కంపెనీకి యజమాని ఎవరు, ఆ యజమానిని నిలేసి అడిగే హక్కు ఎవరికుంది, ఆ హక్కులోకి మనం దూరడానికి సందు ఉందా లేదా, ఇదీ మన విషయం.

ముందు మన చుట్టూ చూద్దాం. ఈ జిల్లాలో సున్నపురాయి నేల ఎంత ఉందో సిమెంటు పొగగొట్టాలు లెక్కపెడితే తెలుస్తుంది. చిలంకూరులో ఇండియా సిమెంట్స్. ఎర్రగుంట్లలో ఒకప్పుడు ప్రభుత్వ సిమెంట్ కార్పొరేషన్ ఫ్యాక్టరీ ఉండేది, అదీ ఇండియా సిమెంట్స్ చేతికే పోయింది. ఆ ఇండియా సిమెంట్స్‌ను 2024 డిసెంబరులో బిర్లాల అల్ట్రాటెక్ చేజిక్కించుకుంది. ఎర్రగుంట్ల జువారి సిమెంట్ ఇటలీ కంపెనీ చేతిలోకి పోయింది, ఆ ఇటలీ కంపెనీని 2016లో జర్మనీ కంపెనీ హైడెల్‌బర్గ్ మింగింది. నల్లలింగాయపల్లె కాడ భారతి సిమెంట్‌లో 51 శాతం 2010లో ఫ్రాన్సు కంపెనీ వికా తీసుకుంది. మైలవరం మండలం చిన్నకొమెర్లలో దాల్మియా. కలమళ్ల కాడ 1650 మెగావాట్ల రాయలసీమ థర్మల్. వేముల మండలం తుమ్మలపల్లెలో యురేనియం. ఉక్కు సంగతి చెప్పనక్కర లేదు. 2007లో బ్రహ్మణి, 2018లో కంబాలదిన్నె, 2019లో సున్నపురాళ్లపల్లె, 2023లో మళ్లీ సున్నపురాళ్లపల్లెలో జిందాల్. పునాదిరాళ్లు నాలుగు పడినాయి, ఉక్కు మాత్రం ఒక్క టన్ను దిగలేదు.

ఇన్ని కంపెనీలున్న గడ్డమీద మన పిల్లోడికి దొరికేది ఏంది? కాంట్రాక్టరు కింద మూటలు మోసేది, ఊడ్చేది, కాలవ తీసేది. 2024 నవంబరులో థర్మల్ బూడిద లారీల కోసం తాడిపత్రి నాయకులకూ జమ్మలమడుగు నాయకులకూ తగాదా పడితే రాష్ట్రమంతా పేపర్లలో చదివినాం. బూడిద ఎవరు తోలాలి, ఎవరికి ఎన్ని లారీలు, ఇదే చర్చ. ఆ బూడిద ఎవరు పీలుస్తున్నారన్న మాట ఏ నాయకుడి నోటా రాలేదు. కంపెనీ బూడిదలో కూడా వాటా అగ్రకుల నాయకులదే. దుమ్ము మనది.

ఇప్పుడు యురేనియం దగ్గరికి వస్తాను. యురేనియం కార్పొరేషన్ ఆఫ్ ఇండియా 1967లో పుట్టింది. జార్ఖండ్‌లో జాదుగూడ ఆదివాసుల నేల తవ్వి, తర్వాత తుమ్మలపల్లెకు వచ్చింది. 2006 సెప్టెంబరు 10న ప్రజాభిప్రాయ సేకరణ జరిగింది. 2012లో మిల్లు నడవడం మొదలైంది. రోజుకు 3000 టన్నుల రాయిని పిండి చేసి యురేనియం తీసే సామర్థ్యం. తీసేది పిడికెడు, మిగిలేది కొండ. ఆ మిగిలిన బురదనంతా గొట్టాల్లో తోలి నిలవ చేసే చోటే టెయిల్‌పాండ్. దాని కింద కేకే కొట్టాల ఉంది. అరటి తోటలు ఎండిపోతున్నాయని, బోరునీళ్లు పనికిరాకుండా పోయినాయని, ఒంటిమీద దద్దుర్లు వస్తున్నాయని కనంపల్లె, మబ్బుచింతలపల్లె, భూమయ్యగారిపల్లె జనం ఏండ్లుగా మొత్తుకుంటున్నారు. 2019 ఆగస్టులో రాష్ట్ర కాలుష్య నియంత్రణ మండలే కంపెనీకి షోకాజ్ నోటీసు ఇచ్చింది. నీళ్లు నేలలోకి ఇంకకుండా చెరువు అడుగున వేయాల్సిన పొర షరతుల ప్రకారం లేదన్నది అందులో ప్రధానమైన మాట. కంపెనీ ఒప్పుకోలేదు. ఇక్కడి నేలలోనే సహజంగా యురేనియం ఉంది, నీళ్లలో కనపడేది అదే అంటుంది.

సరే, కంపెనీ చెప్పేది కంపెనీ చెప్పనీ. నాది వేరే ప్రశ్న. తోట ఎండిపోతే రైతు నష్టపరిహారం అడుగుతాడు, అడగాల్సిందే. ఆ తోటలో గెలలు కోసి మోసే మాలమాదిగల కూలి దినాలు ఎవరి లెక్కలో ఉన్నాయి? భూమి పోయినోడికి కాగితం ఉంది. కూలి పోయినోడికి కాగితం లేదు. 2013 భూసేకరణ చట్టం, మూడేండ్లుగా ఆ భూమి మీద బతికే కూలీని, కౌలుదారుని కూడా నష్టపోయిన కుటుంబంగా రాసుకోమంది. అది రాకముందే తుమ్మలపల్లె భూములు తీసుకోవడం అయిపోయింది. డీకేటీ పట్టా భూములకైతే, మీది సర్కారు భూమే కదా అని తక్కువ చేసి చూడడం మామూలే. పట్టా భూమికి ఇచ్చే ధరే డీకేటీ భూమికీ ఇయ్యాలని 2004లో మన హైకోర్టు పెద్ద ధర్మాసనం తీర్పు చెప్పింది. మేకల పాండు కేసు అంటారు. ఆ పేరు మీ మండలాఫీసులో ఒకసారి గట్టిగా పలకండి, ఎంతమందికి తెలుసో చూద్దాం.

ఇంతకీ యురేనియం కంపెనీకి యజమాని ఎవరు? నూటికి నూరు షేర్లూ కేంద్ర ప్రభుత్వానివి. కాగితం మీద రాష్ట్రపతి పేర ఉంటాయి. ప్రభుత్వం ప్రజలదని పంద్రాగస్టుకు ప్రతి ఏడూ చెప్తారు గదా. అంటే కేకే కొట్టాల ముసలమ్మ కూడా ఆ కంపెనీకి యజమానురాలే! యజమానురాలి ఇంట్లో తాగడానికి నీళ్లు లేవు, ఆమె కంపెనీ మాత్రం లాభనష్టాల పట్టీ అచ్చేసుకుంటుంది. ఆ పట్టీ ఊరికే అచ్చేసేది కాదు. ప్రభుత్వ కంపెనీ వార్షిక నివేదికను కాగ్ వ్యాఖ్యలతో సహా పార్లమెంటు ముందు పెట్టాలని కంపెనీల చట్టం 394వ సెక్షన్ చెప్తుంది. ప్రైవేటు కంపెనీలో వాటాదారుల సభ ఉంటే, ఈ కంపెనీకి పార్లమెంటే వాటాదారుల సభ. అక్కడ మన కడప ఎంపీలు, దేశం మొత్తంలో రిజర్వుడు సీట్ల మీద గెలిచిన ఎంపీలు టెయిల్‌పాండ్ అడుగున పొర ఉందా లేదా అని అడగాలి. అణుశక్తి చట్టం పేరు చెప్పి కొన్ని సంగతులు దాస్తారు. బోరునీళ్ల పరీక్ష ఫలితం దేశ రహస్యం ఎట్లా అవుతుంది? సమాచార హక్కు కింద అడిగి, కాదంటే అప్పీలుకు పోవాలి.

ఇప్పుడు కొంచెం దూరం పోదాం. అమెరికాలో రోచెస్టర్ అని ఊరు. ఫొటోలు తీసే కోడాక్ కంపెనీది ఆ ఊరు. 1964లో అక్కడ నల్లజాతి వాడల్లో పెద్ద అల్లర్లు జరిగినాయి. ఉద్యోగాలు లేవు, ఇండ్లు లేవు. చర్చి పాస్టరు ఫ్రాంక్లిన్ ఫ్లోరెన్స్ నాయకత్వంలో ఫైట్ అనే సంఘం కట్టినారు. సాల్ అలిన్‌స్కీ అనే సంఘ నిర్మాత తోడుగా ఉన్నాడు. 1966 డిసెంబరులో 600 మందికి పని నేర్పి ఉద్యోగాలిస్తామని కంపెనీ తరపున ఒక అధికారి సంతకం పెట్టినాడు. నాలుగు రోజులు తిరక్కుండానే కంపెనీ, ఆ సంతకానికి మాకు సంబంధం లేదంది. మన ఊర్లలో ఎమ్మార్వో రాసిచ్చింది ఆర్డీవో కాదన్నట్టు.

వాళ్లు ఏం చేసినారు? పది షేర్లు కొన్నారు. పదే! లాభం కోసం కాదు, వాటాదారుల సభ గుమ్మం దాటడానికి. 1967 ఏప్రిల్‌లో ఆ సభకు పోయి, ఒప్పందాన్ని మన్నిస్తారా లేదా అని చైర్మన్‌ను లేచి అడిగినారు. బయట వందలమంది నిలబడినారు. షేర్లున్న కొన్ని చర్చీలు తమ ఓటు హక్కు కాగితాలు కంపెనీకి ఇయ్యకుండా ఆపినాయి. ఓట్ల లెక్కలో అది సముద్రంలో చెంబెడు నీళ్లు. అయినా జూన్‌లో కంపెనీ దిగొచ్చి, పేదల తరపున మాట్లాడే సంఘంగా వీళ్లను గుర్తిస్తున్నామని తంతి పంపింది. పది షేర్లతో కంపెనీ ఓడిపోయిందని నేను చెప్పను. వెనక కూడిన జనంవల్ల పని జరిగింది. పది షేర్లు తలుపు తెరిచినాయి, అంతే.

అక్కడినుంచే ఇంకో నల్లజాతి పాస్టరు లియోన్ సల్లివన్ కథ. 1971లో జనరల్ మోటార్స్ డైరెక్టర్ల బోర్డులోకి పోయినాడు. దక్షిణాఫ్రికాలో పనిచేసే అమెరికా కంపెనీలకు 1977లో కొన్ని సూత్రాలు రాసినాడు. మొదటి సూత్రం ఏందో తెలుసా? భోజనశాలలో, మరుగుదొడ్డిలో, పనిచోట తెల్లోడికీ నల్లోడికీ వేరు పెట్టకూడదని. వింటుంటే మన టీ అంగళ్ల రెండు గ్లాసులు గుర్తుకు రావడం లేదా? పదేండ్లు చూసి 1987లో ఆ సల్లివనే, ఈ సూత్రాలతో జాత్యహంకార రాజ్యం కదలదు, కంపెనీలు దక్షిణాఫ్రికా వదిలి రావాలని చెప్పినాడు. ఈ మాట గుర్తు పెట్టుకోండి. మళ్లీ పనికొస్తుంది.

సల్లివన్ సూత్రాలు చూసే, 2000ల దశకంలో అంతర్జాతీయ దళిత సంఘీభావ వేదిక అంబేడ్కర్ సూత్రాలు తయారు చేసింది. దక్షిణాసియాలో పెట్టుబడి పెట్టే విదేశీ కంపెనీలు పనిలోకి తీసుకునేటప్పుడు కులవివక్ష చూపకూడదు, దళితులను వెతికి పనిలోకి తీసుకోవాలి, తరిఫీదు ఇయ్యాలి, ఏం చేసినారో లెక్క చెప్పాలి. మంచిదే. చట్టం మాత్రం కాదు. ఒప్పుకుంటే ఒప్పుకున్నట్టు, లేదంటే లేదు. బాబాసాహెబు పేరు పెట్టుకున్న కాగితం ఎర్రగుంట్ల ఫ్యాక్టరీ గేటు దాకా వచ్చిందా? గేటుకాడ నిలబడిన మన కాంట్రాక్టు కూలీని అడగండి.

చర్చీల మాట వచ్చింది కాబట్టి చెప్తాను. జమ్మలమడుగులో క్యాంప్‌బెల్ ఆస్పత్రి కట్టింది లండన్ మిషనోళ్లు. ఇంగ్లండు అధికార చర్చి అది కాదు, వేరే శాఖ. ఆ అధికార చర్చికి వేదాంత కంపెనీలో షేర్లుండేవి. ఒడిశా నియమగిరిలో డోంగ్రియా కోందుల కొండను బాక్సైటు కోసం తవ్వబోయిన కంపెనీ అది. 2007లోనే నార్వే ప్రభుత్వ నిధి వేదాంతను తన జాబితా నుంచి తీసేసింది. 2010 ఫిబ్రవరిలో ఇంగ్లండు చర్చి తన షేర్లు అమ్మేసింది. లండన్‌లో ఏటా జరిగే వాటాదారుల సభకు కొంతమంది ఒకటి రెండు షేర్లు పట్టుకుని పోయి, కొండ సంగతి చైర్మన్ మొగం మీదే అడిగేవాళ్లు. కొండ దక్కింది మాత్రం 2013లో సుప్రీంకోర్టు తీర్పు తర్వాత, 12 పల్లెల గ్రామసభలు ఒక్కటీ తప్పకుండా వద్దన్నందువల్ల. షేర్లు అమ్మినందుకే దక్కిందంటే డోంగ్రియాలను తక్కువ చేసినట్టు. కానీ లండన్‌లో అడిగినోళ్లు లేకపోతే కొండమీద మాట అంతదూరం వినపడేది కాదు.

మనకు ఇంకా దగ్గరి సంగతి హైడెల్‌బర్గ్. ఎర్రగుంట్ల జువారిని చేతిలో పెట్టుకున్న కంపెనీయే. ఇండోనేషియా జావాలో కెండెంగ్ కొండల కాడ ఈ కంపెనీ తాలూకు సంస్థ సిమెంటు ఫ్యాక్టరీ పెడతానంటే, సున్నపురాయి కొండ పోతే ఊటనీళ్లు పోతాయని రైతులు ఎదురు తిరిగినారు. 2017లో ఆ ఊరి రైతు మహిళ జర్మనీకి పోయి వాటాదారుల సభలో మాట్లాడింది. ఎట్లా పోగలిగింది? జర్మనీలో విమర్శక వాటాదారుల సంఘం అని ఉంది. ఒక్క షేరున్నా సభలో మాట్లాడొచ్చు, ఆ హక్కును ఇంకొకరికి రాసి ఇయ్యొచ్చు. వాళ్లు రాసిచ్చినారు, ఆమె అడిగింది. జావా సున్నపురాయి గురించి ఆ సభలో అడగగలిగినప్పుడు ఎర్రగుంట్ల సున్నపురాయి గురించి ఎందుకు అడగలేం? మన క్వారీల పక్క వాడల్లో పగుళ్లిచ్చిన గోడలు, దుమ్ము, దిగిపోయిన బోర్లు, కాంట్రాక్టు కూలీల పీఎఫ్ పుస్తకాలు, ఎవరైనా ఫొటోలు తీసి, తేదీ వేసి, జర్మనీకి ఒక ఉత్తరం రాసినారా? పైగా 2023 జనవరి నుంచి ఆ దేశంలో ఒక చట్టం నడుస్తోంది. పెద్ద కంపెనీలు తమ సరఫరా దారి పొడుగునా మానవ హక్కుల సంగతి చూసుకోవాలని. అందులో కులం అన్న మాట వెతికితే దొరకకపోవచ్చు. వివక్ష అన్న మాట ఉంది. మనకు అది చాలు.

మన దేశం చట్టం ఎట్లా ఉంది? సభలో మాట్లాడడానికి ఒక్క షేరు చాలు. కానీ సొంతంగా తీర్మానం పెట్టాలంటే వాటా మూలధనంలో పదోవంతు చేతిలో ఉండాలి. అమెరికాలో రెండు వేల డాలర్ల షేర్లు మూడేండ్లు పెట్టుకున్నోడు తీర్మానం పంపొచ్చు. ఇక్కడ పదోవంతు! అల్ట్రాటెక్‌లో పదోవంతంటే మన జిల్లాను అమ్మినా చాలదు. చట్టం రాసినోళ్లకు తెలిసే రాసినారు. ఇంకో పక్క 2020 కరోనా నుంచి చాలా కంపెనీలు వాటాదారుల సభలు వీడియోలో పెడుతున్నాయి. ముంబైకి, చెన్నైకి రైలెక్కే పనిలేదు. ముందుగా పేరు రాయించుకుంటే ప్రొద్దుటూరులో కూచుని ఫోన్లో అడగొచ్చు. పేరు రాయించుకున్నోడికి రెండు నిమిషాలు ఇస్తారు, కొన్నిసార్లు పిలవకుండా దాటేస్తారు. దాటేసిన సంగతీ రాసి పెట్టుకోవాలి.

ఏం అడగాలి? సెబీ 2022-23 నుంచి పెద్ద వెయ్యి లిస్టెడ్ కంపెనీలకు ఒక నివేదిక తప్పనిసరి చేసింది. పర్యావరణం, మానవ హక్కులు, పనివాళ్ల సంగతులు అందులో నింపాలి. ఆడవాళ్లెంత, మగవాళ్లెంత, వికలాంగులెంత అని గడులున్నాయి. ఎస్సీలెంత అన్న గడి లేదు. కులం అడగకపోతే కులం లేనట్టే వాళ్ల లెక్క! అయితే ఒక చోట, సామాజిక బాధ్యత కింద చేసిన పనుల్లో బలహీన, అంచులకు నెట్టబడ్డ వర్గాల లబ్ధిదారులు ఎంత శాతమో రాసే గడి ఉంది. కొంతమంది అక్కడ గుండు సున్నా లాగా 100 అని రాసేస్తారు. ఆ 100లో చిలంకూరు మాదిగ గేరి ఉందా, ఆ శాతం ఎట్లా లెక్కేసినారు, ఇంటింటి పట్టీ ఉందా అని అడగండి. రెండు నిమిషాలకు ఆ ఒక్క ప్రశ్న చాలు.

సామాజిక బాధ్యత అంటే ఏందో కూడా చెప్పుకుందాం. 2013 కంపెనీల చట్టం 135వ సెక్షన్ ప్రకారం పెద్ద కంపెనీలు మూడేండ్ల సగటు నికర లాభంలో 2 శాతం ఖర్చు పెట్టాలి. చుట్టుపక్కల ప్రాంతానికి ముందు చూడాలి. ఈ 2 శాతంతో బస్ షెల్టరు కట్టి పేరు రాసుకుంటారు, బడికి బెంచీలిచ్చి ఫొటో దిగుతారు, దేవళానికి రంగులేస్తారు. ఎస్సీ సబ్‌ప్లాన్‌కు 2013లో చట్టం తెచ్చుకున్నాం, అది సర్కారు బడ్జెట్టుకే. కంపెనీల 2 శాతంలో మన జనాభా వాటా ఇంత అని ఏ చట్టమూ చెప్పదు.

1997 జులై 11న సమత కేసులో, దళితకులంలో పుట్టి సుప్రీంకోర్టు దాకా పోయిన జస్టిస్ కె. రామస్వామి రాసిన తీర్పు చూడండి. గిరిజన ప్రాంతాల్లో తవ్వే కంపెనీ నికర లాభంలో కనీసం 20 శాతం స్థానిక అభివృద్ధికి శాశ్వత నిధిగా పెట్టాలన్నారు. 20 యాడ, 2 యాడ! అంతకు ముందు 1946లోనే, వైస్రాయ్ కౌన్సిల్లో కార్మిక సభ్యుడుగా ఉన్న బాబాసాహెబు అభ్రకం గనుల కార్మిక సంక్షేమ నిధి బిల్లు తెచ్చినాడు. యజమాని దయతలచి ఇచ్చేది కాదు. సరుకు మీద సుంకం వేసి, ఆ డబ్బు కార్మికుడి వైద్యానికి, చదువుకు పెట్టాలన్నాడు. దానానికీ సుంకానికీ ఉన్న తేడా ఆయనకు తెలుసు. దానం పుచ్చుకునేవాడు తల దించాలి. సుంకం వసూలు చేసేవాడు లెక్క అడుగుతాడు.

కొంతమంది ఎర్రజెండా మిత్రులు అంటారు, షేర్ల మీటింగుల్లో అడుక్కోవడమేంది, కంపెనీలనే రద్దు చేయాలి గదా అని. చేయండన్నా, మేం అడ్డమా? 1947లో ‘రాజ్యాలు-మైనారిటీలు’లో కీలక పరిశ్రమలు, బీమా రాజ్యం చేతిలో ఉండాలని బాబాసాహెబు రాసింది మేమూ చదివినాం. కానీ తుమ్మలపల్లెలో యజమాని రాజ్యమే గదా! రాజ్యం చేతిలో ఉన్నా అగ్రకులాల చేతిలో ఉన్న రాజ్యమైతే ఏమైతుందో ఆ టెయిల్‌పాండ్ చెప్తోంది. ఇంకో పక్క కొంతమంది దళిత ఉద్యోగ మిత్రులకు షేర్లంటే మోజు. వ్యాపారంలో దిగితే కులం పోతుందని. డబ్బుతో కులం పోయేదైతే ఎప్పుడో పోయేది.

బీమా అన్నాను కదా. 1956లో ఎల్ఐసీ పుట్టింది. మన టీచరు, కండక్టరు, మున్సిపాలిటీ కార్మికుడు కట్టే పాలసీ డబ్బు దేశంలోని పెద్ద పెద్ద కంపెనీల షేర్లలో ఉంది. 2004 సెప్టెంబరు తర్వాత ఉద్యోగంలో చేరిన మన ఉపాధ్యాయుల సీపీఎస్ డబ్బులో కొంత భాగం షేర్లలోకే పోతుంది. 2015 నుంచి పీఎఫ్ డబ్బులో కొంత కూడా. అంటే ఈ సభలో కూచున్నోళ్లలో సగం మంది తెలియకుండానే వాటాదారులు. మీ పేరున ఓటు ఇంకొకడు వేస్తున్నాడు. ఎల్ఐసీ తాను ఏ తీర్మానానికి ఎటు ఓటేసిందో బయటపెట్టాలి, పెడుతోంది కూడా. ఎల్ఐసీలో, ఉపాధ్యాయుల్లో మన ఎస్సీ ఉద్యోగ సంఘాలున్నాయి. ప్రమోషన్లు, రోస్టరు పాయింట్లు అడుగుతాం, మంచిదే. మా డబ్బు పోయే కంపెనీలో కాంట్రాక్టు కూలీల్లో ఎస్సీలెంత, పర్మినెంటులో ఎంత, ఈ లెక్క వచ్చేదాకా డైరెక్టర్ల నియామకానికి ఓటెయ్యొద్దని ఆ సంఘాలు ఒక్కసారి తీర్మానం చేసి పంపినాయా?

ఇక పని సంగతి. చాలా కంపెనీల వాటాదారుల సభలు జులై నుంచి సెప్టెంబరు మధ్య జరుగుతాయి. 21 రోజుల ముందు నోటీసు వస్తుంది. ప్రొద్దుటూరు మిత్రులు ఐదుగురు డీమ్యాట్ ఖాతా తీసి ఒక్కో కంపెనీలో ఒక్క షేరు కొనండి, అంతకుమించి వద్దు. జమ్మలమడుగు, ఎర్రగుంట్ల మిత్రులు ఫ్యాక్టరీ పక్క వాడల్లో ఇంటింటికీ పోయి ఎవరు ఏ కాంట్రాక్టరు కింద, ఎన్నేండ్లుగా, ఎంత కూలికి, పీఎఫ్ ఉందా అని రాసుకు రండి. పులివెందుల, వేముల మిత్రులు కూలి దినాల పట్టీ కట్టండి. 2012కు ముందు అరటితోటల్లో ఏడాదికి ఎన్ని దినాలు పని దొరికేది, ఇప్పుడు ఎన్ని. ఆడోళ్లను విడిగా అడగండి, వాళ్ల లెక్క మగోళ్లకు తెలియదు. నీళ్ల పరీక్ష కాగితాలు ఎవరి దగ్గరుంటే వాళ్లు జిరాక్సు తీసి పెట్టండి, అసలు ఎవరికీ ఇయ్యొద్దు. జర్మనీకి రాయాల్సిన ఉత్తరం ముందు తెలుగులో రాద్దాం, ఇంగ్లీషు చేసేవాళ్లు ఈ సభలోనే ముగ్గురున్నారు. పేర్లు ఇప్పుడే తిమ్మప్పన్న దగ్గర రాయించి పోండి.

జై భీమ్.